పెట్టె మీద ‘మీడియం’, లోపల ఎన్ని మిల్లీమీటర్లు? గ్లౌజు సైజుపై ఒక వార్డు కేస్ స్టడీ

ఫిర్యాదు సూటిగా ఉంది. కొత్తగా వచ్చిన గ్లౌజులు నాసిరకం, తొడుగుతుంటేనే చిరిగిపోతున్నాయి, సరుకు వెనక్కి పంపాలి. జనరల్ మెడిసిన్ వార్డు నుంచి, దానికి ఆనుకుని ఉన్న రక్త నమూనాల గది నుంచి ఇదే మాట వచ్చింది. ఇన్ఫెక్షన్ నియంత్రణ నర్సుగా దాన్ని విచారించి నివేదిక ఇవ్వడం నా బాధ్యత. సరఫరాదారు మారిన మాట నిజమే. పాతవీ కొత్తవీ పౌడర్ లేని నైట్రైల్ (కృత్రిమ రబ్బరు) పరీక్ష గ్లౌజులే, అంటే రోగులను చూసేటప్పుడు వార్డుల్లో మామూలుగా వాడేవి. రెండు పెట్టెల మీదా ‘మీడియం’ అనే ఉంది. సైజు ఒకటే అయినప్పుడు మారింది నాణ్యతే అని సిబ్బంది అనుకోవడంలో తప్పు లేదు.

విచారణలో తేలింది మాత్రం వేరు. సరుకులో నాణ్యతా లోపమేదీ కనబడలేదు. వార్డు మొత్తానికీ ఏళ్లుగా ఒకే సైజు వస్తోంది, ఆ సైజు కొలత చెప్పకుండా మారిపోయింది. ఇది చాలా ఆసుపత్రుల్లో జరిగే సంగతే. గ్లౌజు బాగాలేదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు కొనుగోలు విభాగం, వార్డు ఒకరినొకరు తప్పు పట్టుకోవడంతో విషయం ఆగిపోతుంది. చేతిని కొలిచేవాళ్లు ఉండరు. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

చిరిగిన చోటు ఏం చెప్పింది

వాడిన గ్లౌజులకు రక్తం, స్రావాలు అంటి ఉంటాయి. వాటిని పరిశీలన కోసం పోగుచేయడం ప్రమాదకరం. అవి నేరుగా వ్యర్థాల సంచిలోకే వెళ్లాలి. అందుకని రోగిని తాకకముందే, తొడుగుతుండగా చిరిగిన వాటిని మాత్రం ఒక కవరులో వేసి, తొడిగినది ఎవరో చీటీ మీద రాయమని సిబ్బందిని కోరాను.

కవరు తెరిచి చూస్తే చిరుగులు ఎక్కడపడితే అక్కడ లేవు. ఎక్కువ వాటికి మణికట్టు అంచు నుంచి అరచేతి వైపు నిలువుగా చీలిక ఉంది. అంచును రెండో చేతి వేళ్లతో పట్టుకుని గట్టిగా లాగినప్పుడు పడే చీలిక అది. తర్వాతి స్థానం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న సందుది. వేలికొసల దగ్గర చిరిగినవి తక్కువ. చీటీల మీద పేర్లు కూడా తిరిగి తిరిగి అవే కనిపించాయి. ఒకే పెట్టెలోంచి తీసుకుంటున్న మిగతావాళ్ల గ్లౌజులు చిరగడం లేదు. సరుకే చెడ్డదైతే అది మనిషిని చూసి చిరగదు కదా.

నాణ్యత సంగతి పక్కన పెట్టడానికి అది ఒక్కటే చాలదు. అందుకని తొడగని గ్లౌజులు కొన్ని తీసుకుని నీటి పరీక్ష చేశాం. గ్లౌజును వేలాడదీసి 1000 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, రెండు నిమిషాలు ఆగి, ఎక్కడైనా చుక్క కారుతోందేమో చూడటమే ఆ పరీక్ష. తయారీ ప్రమాణాల్లో రంధ్రాలను పట్టడానికి వాడే పద్ధతి ఇదే. ఐరోపా ప్రమాణం ఈఎన్ 455 ప్రకారం పరీక్ష గ్లౌజులకు ఆమోదయోగ్య నాణ్యతా స్థాయి 1.5, అంటే రంధ్రాలున్నవి సుమారు 1.5 శాతానికి మించని సరుకునే అంగీకరిస్తారు. ఆసుపత్రి సింకు దగ్గర మేం చేసింది ప్రయోగశాల పరీక్షకు సాటి రాదు, సూచన మాత్రమే ఇస్తుంది. మేం చూసిన వాటిలో ఒక్కటీ కారలేదు.

స్కేలు పెట్టి చూస్తే

తర్వాత పాత సరుకులో మిగిలిన పెట్టెను తెప్పించి, రెండింటి గ్లౌజులనూ బల్ల మీద పరిచి, లాగకుండా స్కేలుతో వెడల్పు కొలిచాను. కొలవాల్సిన చోటు చూపుడువేలి మొదలుకూ బొటనవేలి మొదలుకూ నడిమి భాగం. ప్రమాణాలు చెప్పేదీ అక్కడే. పాత మీడియం 99 మిల్లీమీటర్లు వచ్చింది. కొత్త మీడియం 88.

పదకొండు మిల్లీమీటర్ల తేడా చిన్నదిగా కనిపించవచ్చు. కానీ అది పరిచిన గ్లౌజు వెడల్పు. చేతి చుట్టూ తిరిగేసరికి రెట్టింపవుతుంది. పాత గ్లౌజు చుట్టుకొలత 198, కొత్తది 176. అంటే 22 మిల్లీమీటర్లు తగ్గింది.

ఇందులో సరఫరాదారు మోసం ఏమీ లేదు. పరీక్ష గ్లౌజుల ప్రమాణాల్లో మీడియం వెడల్పు 95 మిల్లీమీటర్లు, అటూ ఇటూ 10 వరకు తేడాకు అనుమతి ఉంది. 85 నుంచి 105 దాకా ఎంత ఉన్నా అది మీడియమే. స్మాల్ 80, అదే పది తేడాతో, అంటే 70 నుంచి 90 వరకు. లార్జ్ 110, అంటే 100 నుంచి 120 వరకు. ఈ హద్దులను పక్కపక్కన పెట్టి చూడండి. 88 మిల్లీమీటర్ల గ్లౌజును స్మాల్ పెట్టెలో పెట్టి అమ్మినా ప్రమాణం తప్పినట్టు కాదు, మీడియం పెట్టెలో పెట్టినా తప్పినట్టు కాదు. ఒక కంపెనీ మీడియం మరో కంపెనీ స్మాల్‌తో సమానం కావడానికి కారణం ఇదే. పెట్టె మీది మాటను సైజుగా నమ్మి కొనేవాళ్లంతా ఈ సంగతి తెలుసుకోవాలని నా గట్టి కోరిక.

శస్త్రచికిత్స గ్లౌజులకు ఈ ఇబ్బంది తక్కువ. వాటికి 5.5, 6, 6.5 అంటూ అర చొప్పున పెరిగే అంకెలుంటాయి. ఆ అంకె దాదాపుగా అరచేతి చుట్టుకొలత, అంగుళాల్లో. 7 అంకె గ్లౌజు వెడల్పు 89 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 178, అంటే ఏడు అంగుళాలు. 7.5కు 95, 8కి 102. అనుమతించిన తేడా కూడా వీటిలో 5, 6 మిల్లీమీటర్లే. పరీక్ష గ్లౌజుల్లో ఒక సైజు నుంచి ఇంకో సైజుకు చుట్టుకొలత 30 మిల్లీమీటర్ల చొప్పున పెరిగితే, ఇక్కడ దాదాపు 12 నుంచి 14 చొప్పున పెరుగుతుంది. ఆపరేషన్ థియేటర్ సిబ్బందికి తమ అంకె కంఠతా వచ్చి ఉంటుంది. వార్డు సిబ్బందిలో తమ అరచేతి చుట్టుకొలత తెలిసినవాళ్లు నాకు ఒక్కరూ కనబడలేదు.

సాగే రబ్బరు ఎందుకు చిరిగింది

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వచ్చింది. నైట్రైల్ బాగా సాగుతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం ప్రకారం కొత్త నైట్రైల్ గ్లౌజు తెగేలోపు కనీసం 500 శాతం సాగాలి. అలాంటప్పుడు చుట్టుకొలత కొంచెం తగ్గినంత మాత్రాన చిరిగిపోతుందా?

సాగుడు గ్లౌజంతటా సమానంగా పంచుకుంటే చిరగదు. తొడిగేటప్పుడు జరిగేది అది కాదు. ఇరుకు గ్లౌజు చేతి వెడల్పైన చోట, వేళ్ల కణుపుల దగ్గర, బిగుసుకుని ఆగిపోతుంది. అప్పుడు అంచును పట్టుకుని లాగుతాం. బలమంతా రెండు వేళ్లు పట్టిన చోటే పడుతుంది. అక్కడ గోరు చిన్న గాటు పెట్టిందంటే ఆ గాటు కొస నుంచి చీలిక పరుగెడుతుంది. పలచని పొరకు సాగే గుణం ఎంత ఉన్నా, గాటు పడ్డాక తట్టుకునే శక్తి చాలా తగ్గిపోతుంది. చేతికి శానిటైజర్ తడి ఇంకా ఉంటే రాపిడి పెరిగి మరింత గట్టిగా లాగాల్సి వస్తుంది. మా కవరులోని నిలువు చీలికలకు కారణం ఇదే.

ఒకప్పుడు పౌడర్ ఈ రాపిడిని తగ్గించేది. ఆ పొడి గాయాల్లో చేరి వాపు కలిగించడం, లోపలి కణజాలాలు ఒకదానికొకటి అతుక్కునేలా చేయడం, లేటెక్స్ (సహజ రబ్బరు) ప్రొటీన్లను గాలిలోకి మోయడం వంటి హానులు తేలడంతో అమెరికా ఎఫ్‌డీఏ 2017 జనవరి నుంచి పౌడర్ గ్లౌజులను నిషేధించింది. ఆ నిర్ణయం సరైనదే. అయితే పొడి లేని గ్లౌజు సైజు తప్పును దాచదు. చేయి ఆరకుండా తొడిగితే సరైన సైజు కూడా ఇబ్బంది పెడుతుంది. అందుకే సిబ్బందికి నేను మొదట చెప్పినది చేతులు పూర్తిగా ఆరేదాకా ఆగమని. దానివల్ల కొంత తేడా కనిపించింది, కానీ చీటీల మీద ఆ పేర్లు పోలేదు.

చేతులు కొలిచాం

దర్జీలు వాడే మెత్తని కొలత టేపు చాలు. ఎక్కువగా పనిచేసే చేతిని, సాధారణంగా కుడిచేతిని, వేళ్లు దగ్గరగా ఉంచి చాపాలి. బొటనవేలిని వదిలేసి, మిగతా నాలుగు వేళ్ల కణుపుల మీదుగా అరచేతి చుట్టూ టేపు తిప్పాలి. టేపు చర్మానికి తగలాలి, నొక్కకూడదు. మధ్యవేలి కొస నుంచి మణికట్టు ముడత దాకా పొడవు కూడా రాసుకోవాలి. డ్యూటీ మొదట్లో కాకుండా కొన్ని గంటలు పని చేశాక కొలవడం నాకు ఇష్టం. ఎక్కువసేపు నిలబడి, చేతులు కిందికి వేలాడేసి పనిచేసేవాళ్ల వేళ్లు సాయంత్రానికి కొంత ఉబ్బుతాయి. గర్భిణులైన సిబ్బందికి కొన్ని నెలల తర్వాత మళ్లీ కొలవాలి.

ఈ చుట్టుకొలతను గ్లౌజు వెడల్పుకు రెట్టింపుతో పోల్చుకోవాలి. రెండూ దగ్గరగా ఉండాలి. నైట్రైల్ అయితే గ్లౌజు కాస్త తక్కువగా ఉన్నా సాగి సర్దుకుంటుంది, ఒంటి వేడికి కొద్దిసేపట్లో మెత్తబడుతుంది. లేటెక్స్ ఇంకా సులువుగా సాగి చేతిని అంటిపెట్టుకుంటుంది. ప్లాస్టిక్ రకమైన వినైల్ అలా కాదు. అది సాగడం తక్కువ, గ్లౌజు చుట్టుకొలత చేతి కంటే ఎక్కువే ఉండాలి. నైట్రైల్‌లో మీడియం వేసుకునే మనిషికి వినైల్‌లో లార్జ్ కావాల్సి రావడం మామూలే.

ముగ్గురి చేతుల గురించి చెబితే కేసు మొత్తం అర్థమవుతుంది.

మొదటివారు వార్డులో సీనియర్ స్టాఫ్ నర్సు. చీటీల మీద అందరికంటే ఎక్కువసార్లు కనిపించిన పేరు ఆమెదే. అరచేతి చుట్టుకొలత 205 మిల్లీమీటర్లు. పాత మీడియం 198 కాబట్టి ఆమెకు సరిపోయింది. కొత్తది 176. తొడగడమే కష్టం, తొడిగాక పిడికిలి బిగిస్తే అంచు మణికట్టు మీద నుంచి అరచేతి వైపు జారి చర్మం బయటపడుతోంది. డ్యూటీ చివరికి బొటనవేలి మొదట్లో నొప్పి వస్తోందని కూడా చెప్పారు. “ఇన్నేళ్లూ మీడియమే వేసుకున్నాను మేడమ్, నాకు లార్జ్ ఎందుకు?” అని అడిగారు. కొత్త కంపెనీ లార్జ్‌ను కొలిచి చూపించాను. 103 మిల్లీమీటర్లు, అంటే చుట్టుకొలత 206. ఆమె పాత మీడియానికి అతి దగ్గరది ఈ లార్జే. ఆ రోజు నుంచి చిరుగుల కవరులో ఆమె చీటీ లేదు.

బొటనవేలి నొప్పి గురించి ఒక మాట. పరీక్ష గ్లౌజులు కుడి ఎడమల తేడా లేకుండా రెండు చేతులకూ పనికొచ్చేలా చేస్తారు. అందుకని బొటనవేలు కూడా మిగతా వేళ్ల వరుసలోనే ఉంటుంది. మన బొటనవేలు అరచేతికి ముందు వైపుగా ఉంటుంది. గ్లౌజు దాన్ని వెనక్కి లాగుతూనే ఉంటుంది, చేయి కండరాలు ఆ లాగుడుకు ఎదురు పనిచేస్తూనే ఉంటాయి. సైజు ఇరుకైతే ఈ భారం ఇంకా పెరుగుతుంది. శస్త్రచికిత్స గ్లౌజుల్లో కుడిదీ ఎడమదీ వేరుగా ఉండి బొటనవేలు ముందుకు వంగి ఉంటుంది కాబట్టి ఈ లాగుడు ఉండదు. గంటల తరబడి గ్లౌజుతో సన్నని పని చేసేవాళ్లు బొటనవేలి నొప్పి చెబితే ముందు సైజు చూడండి.

రెండోవారు రక్త నమూనాల గదిలో పనిచేసే యువతి. ఆమె నుంచి అసలు ఫిర్యాదే రాలేదు. పైగా కొత్త గ్లౌజులే బాగున్నాయని చెప్పింది. కొలిస్తే ఆమె చేతి చుట్టుకొలత 168. పాత మీడియం ఆమె చేతికి 30 మిల్లీమీటర్లు ఎక్కువ. వేలికొసల దగ్గర గ్లౌజు మిగిలిపోయి ముడతలు పడేది, టేపు అతికించేటప్పుడు ఆ ముడత టేపుకు అంటుకునేది, నరం తగిలేది కాదు. అందుకని ఆమె చూపుడువేలి కొసను కత్తిరించి, ఒట్టి వేలితో నరం వెతికేది. ఈ అలవాటు చాలా చోట్ల ఉంది. సూది దిగబోయే చోటే వేలు తాకుతుంది, రక్తం మొదట తగిలే వేలూ అదే. ఆ కొస కత్తిరించాక గ్లౌజు వేసుకున్నామన్నది పేరుకే. ఇన్నాళ్లూ దీన్ని క్రమశిక్షణ లోపంగా చూసి మందలిస్తూ వచ్చారు. ఆమెకు ఏనాడూ స్మాల్ పెట్టె ఇవ్వలేదు. మందలించే ముందు గ్లౌజు చేతికి సరిపోతుందో లేదో చూడాలని నేను నివేదికలో ప్రత్యేకంగా రాశాను. కొత్త కంపెనీ స్మాల్ 80 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 160. ఆమె చేతికి అది బిగుతు లేకుండా అంటుకుంది. కత్తిరించకుండానే నరం తెలుస్తోందని తనే చెప్పింది. నరం వెతికి, ఆ తర్వాత చర్మం శుభ్రం చేసి, మళ్లీ ఆ చోటు తాకకుండా సూది గుచ్చే పద్ధతి ఇప్పుడు ఆమెకు సాధ్యమవుతోంది.

ఈ విచారణలో నన్ను ఎక్కువగా కదిలించింది ఈ రెండో చేయి. చిరిగిన గ్లౌజు కంటికి కనిపిస్తుంది, దాని మీద ఫిర్యాదు వస్తుంది. వదులు గ్లౌజు చిరగదు, ఎవరూ ఫిర్యాదు చేయరు. అంచు దగ్గర మిగిలిన ఖాళీలోంచి ద్రవం లోపలికి జారవచ్చు, మిగిలిన కొస సూది మూత దగ్గరో కాన్యులా దగ్గరో చిక్కుకోవచ్చు. ఇరుకు కంటే వదులు మేలని చాలామంది అనుకుంటారు. సూదులతో పనిచేసేవాళ్ల విషయంలో నేను దాన్ని ఒప్పుకోను.

మూడో చేయి ల్యాబ్ టెక్నీషియన్‌ది. దాని సంగతి చివర చెబుతాను.

చేతి మీద పరీక్ష

కొలత సరైన సైజు దగ్గరికి తీసుకెళ్తుంది. నిర్ణయం తొడిగి చూశాకే. మేం అందరితోనూ చేయించింది ఇది. పిడికిలి బిగించి విప్పాలి. బిగించినప్పుడు కణుపుల మీద గ్లౌజు తెల్లబారి రంగు పలచబడితే ఇరుకు. వేళ్లు పూర్తిగా చాపినప్పుడు వేళ్ల సందుల్లో గ్లౌజు చర్మానికి తగలాలి. సందులో ఖాళీ వేలాడితే గ్లౌజు వేళ్లకు పొడవు చాలలేదని. కొసలను చిటికెతో పట్టి లాగితే పట్టులోకి గ్లౌజు ఎక్కువగా రాకూడదు. అతికే టేపు ముక్కను చింపి అతికించి తీయాలి. మణికట్టును వంచి తిప్పినా అంచు మణికట్టు ఎముక దాటి అరచేతి వైపు జారకూడదు. తర్వాత ఆ గ్లౌజుతోనే కొంతసేపు మామూలు పని చేయాలి. వేళ్లు తిమ్మిరెక్కినా, అరచేయి చెమటతో నానినా మరో సైజు చూడాలి. చెమటలో నానిన చర్మం పగిలి, మంటపుట్టి, చివరికి చేతులు శుభ్రం చేసుకోవడమే బాధగా మారుతుంది.

ఉంగరాలు, పొడవాటి గోళ్లు సైజుతో పరిష్కారమయ్యేవి కావు, తీసేయాల్సిందే. పెట్రోలియం ఆధారిత క్రీములు లేటెక్స్‌ను బలహీనపరుస్తాయి. లేటెక్స్ వాడేవాళ్లు డ్యూటీలో వాటిని రాసుకోకూడదు.

స్టోరు అభ్యంతరం

మూడు సైజులు తెప్పిస్తే ఒకటి ముందే అయిపోతుంది, ఇంకోటి మిగిలిపోతుంది, చివరికి దొరికింది తొడుక్కుంటారు. స్టోరు ఇన్‌ఛార్జి వాదన ఇది. అందులో నిజం ఉంది. సైజుల నిష్పత్తిని ఊహతో వేస్తే అదే జరుగుతుంది. మనుషుల సంఖ్యతో మాత్రమే వేసినా చాలదు. రక్త నమూనాల గదిలో ఒక్కరు రోజంతా మార్చే గ్లౌజులు వార్డులో కొందరు కలిసి వాడే వాటికంటే ఎక్కువ కావచ్చు. అందుకని చేతుల జాబితాకు ఎవరు ఎంత వాడుతున్నారన్నది జోడించి ఇండెంటు వేశాం. వార్డులో మూడు పెట్టెలూ ఒకే చోట, పక్కపక్కనే ఉంటాయి. స్మాల్ కోసం వేరే గదికి వెళ్లాల్సి వస్తే ఎవరూ వెళ్లరు.

అత్యవసర ట్రాలీ మీద మాత్రం లార్జ్ ఉంచమన్నాను. హడావిడిలో చిన్న చేయి పెద్ద గ్లౌజులోకి దూరుతుంది, పెద్ద చేయి చిన్నదాంట్లోకి దూరదు.

ఇంకో నియమం కూడా పెట్టాం. కొత్త సరఫరాదారు నుంచి సరుకు వచ్చినా, అదే సరఫరాదారు నుంచి కొత్త లాటు వచ్చినా, ప్రతి సైజులో కొన్ని గ్లౌజులను పరిచి వెడల్పు కొలిచి, పెట్టెల మీద మిల్లీమీటర్లు రాసి వార్డుకు పంపాలి. సిబ్బంది దగ్గర తమ చుట్టుకొలత ఉంది కాబట్టి పెట్టె మీది పేరు ఏదైనా తమది ఏదో వాళ్లకు తెలుస్తుంది. టెండరు పత్రంలో కూడా ‘మీడియం’ అని వదిలేయకుండా వెడల్పు ఎంత నుంచి ఎంత వరకు ఉండాలో రాయమని కొనుగోలు విభాగాన్ని కోరాం, వాళ్లు ఒప్పుకున్నారు. సరుకు వెనక్కి పంపలేదు.

ఇక మూడో చేయి. ల్యాబ్ టెక్నీషియన్ అరచేతి చుట్టుకొలత 178, కొత్త మీడియం 176. లెక్క ప్రకారం ఇంతకంటే సరిపోయేది ఉండదు. కానీ ఆయన వేళ్లు పొడవు. కొసలు బిగుసుకుని సందుల్లో ఖాళీ మిగిలిపోతోంది, పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే గొట్టం) పట్టుకుంటే వేళ్ల మధ్య పొర లాగుతోంది. లార్జ్ వేస్తే వేళ్లకు బాగుంది, అరచేతిలో వదులైంది. పరీక్ష గ్లౌజుల ప్రమాణాలు వెడల్పునూ మొత్తం పొడవునూ చెబుతాయి గానీ వేళ్ల పొడవును చెప్పవు. అచ్చు ఆకారం కంపెనీని బట్టి మారుతుంది. రెండు వేరే కంపెనీల మీడియం నమూనాలు తెప్పించి ఆయన చేత తొడిగించి చూశాం. ఒకటి కొంత మెరుగు. ప్రస్తుతం దాన్నే ఆయన బల్ల దగ్గర ఉంచాం. అంకెల సైజుల్లో, కుడి ఎడమ వేరుగా ఉండే గ్లౌజులను ల్యాబ్ కోసం విడిగా తెప్పించవచ్చా అన్నది కొనుగోలు విభాగం పరిశీలనలో ఉంది. అది తేలేదాకా ఆయన కేసును నేను ముగించలేదు.